గ్రావెల్ రోడ్డు



పోయిన వారం నేను పెట్టిన సైకిల్ ఫొటో కింద మా విద్యార్థి ఒకతను ఒక ప్రశ్న వేశాడు. "సార్, గ్రావెల్ సైక్లింగ్ అంటే ఏంటి? మా ఊరి రోడ్డు మీద రోజూ తొక్కుతున్నాం, మాదీ గ్రావెల్ సైక్లింగేనా?" అందరూ నవ్వు బొమ్మలు పెట్టారు. నాకు మాత్రం అది నవ్వేసి ఊరుకునే ప్రశ్నలా అనిపించలేదు. ఈ వారం రాసేది దానికి జవాబే. కొంచెం పొడుగు. తీరిక చేసుకుని చదవండి.

తెలుగు పాఠాలు చెప్పుకునేవాణ్ణి కాబట్టి మాట దగ్గర మొదలెడతాను. గ్రావెల్ ఇంగ్లీషు మాటే అయినా మన జిల్లాలో దానికి నిఘంటువు అక్కర్లేదు. పంచాయతీ తీర్మానంలో ఉంటుంది. కాంట్రాక్టరు బిల్లులో ఉంటుంది. ఎన్నికల హామీలో ఉంటుంది. మెట్ట తవ్వి లారీకెత్తిన ఎర్రమట్టీ రాయీ కలిసిన సరుకు. పెద్దాపురం దగ్గర రామేశంపేట మెట్ట ఎలా కరిగిపోతూ వచ్చిందో ఆ దారిన తిరిగే వాళ్లందరూ చూశారు. పేదలకిచ్చిన అసైన్డ్ భూముల్లో తవ్వకాల గొడవ ఎన్నోసార్లు పేపర్లకెక్కింది.

మా ఊళ్లో ఆ మాటకి ఇంకో అర్థం కూడా ఉంది. బస్సు దిగిన దగ్గర్నుంచి రామాలయం దాకా సిమెంటు రోడ్డు. రామాలయం నుంచి చెరువుగట్టు దాకా తారు. గట్టు దాటాక గ్రావెల్. గ్రావెల్ మొదలైందంటే పేట వచ్చిందన్నమాట. కొత్తవాళ్లెవరైనా వచ్చి "ఎస్సీ పేట ఎటండీ?" అని అడిగితే, ఊళ్లోవాళ్లు "రోడ్డు అయిపోయేదాకా వెళ్లండి" అని చెప్పేవాళ్లు. వెటకారంగా కాదు, గుర్తు కోసమే చెప్పేవాళ్లు. నేను ఇంటర్ చదివే రోజుల దాకా అదే మా చిరునామా.

అలాంటి రోడ్డు మీద, డబ్బులు కట్టి, తెల్లారగట్ట లేచి, రెండు వందల కిలోమీటర్ల పైన సైకిల్ తొక్కడం ఒక క్రీడ అని తెలిసినప్పుడు మొదట నాకూ మీలాగే నవ్వొచ్చింది.

ఈ క్రీడకి ఇవాళ లోకంలో బాగా పేరున్న పోటీ అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రంలో, ఎంపోరియా అనే చిన్న పట్నంలో జరుగుతుంది. 2006లో మొదలైంది. 200 మైళ్లు, అంటే సుమారు 320 కిలోమీటర్లు, రాళ్లు తేలిన మట్టిదారుల మీద. ఇప్పుడు దాని పేరు 'అన్‌బౌండ్ గ్రావెల్'. 2020 దాకా ఉన్న పేరు వేరు, 'డర్టీ కాంజా'. కాంజా అంటే ఆ నేల మీద బతికిన ఆదివాసీ జాతి. రాష్ట్రానికి కాన్సాస్ అనే పేరు వాళ్ల నుంచే వచ్చింది. 1873లో వాళ్లని అక్కడి నుంచి ఇప్పటి ఓక్లహోమా ప్రాంతానికి తరలించేశారు. నేల పోయింది, పేరు మిగిలింది. ఆ మిగిలిన పేరు ముందు 'మురికి' అనే మాట తగిలించి పద్నాలుగేళ్లు పోటీ నడిపారు. మట్టిని ఉద్దేశించిన మాటేనంటారు. కానీ జాతి పేరు పక్కన ఆ విశేషణం ఎలా వినిపిస్తుందో మనకి ఎవరూ వివరించి చెప్పనక్కర్లేదు. మన పేర్ల పక్కన అలాంటివి చాలా విన్నాం. అభ్యంతరాలు వచ్చాక 2020లో పేరు మార్చారు.

మన దగ్గర ఇంత పెద్ద పోటీలు లేవు. 'బ్రెవే' అనే పద్ధతి ఉంది. ఆడాక్స్ సంప్రదాయం. గెలుపోటములు ఉండవు. 200 కిలోమీటర్లు పదమూడున్నర గంటల్లో, 300 ఇరవై గంటల్లో, 400 ఇరవయ్యేడు గంటల్లో, 600 నలభై గంటల్లో పూర్తిచేయాలి. చేతికి ఒక కార్డు ఇస్తారు. దారిలో కంట్రోల్ పాయింట్లుంటాయి. ఒక్కోదానికి ఒక్కో గడువు. కార్డు మీద టైమూ సంతకమూ పడాలి. పంక్చరైనా, చైన్ తెగినా మన తిప్పలు మనమే పడాలి. మన తెలుగు పట్నాల్లో కూడా ఇప్పుడు వీటిని తొక్కేవాళ్లున్నారు. కాకినాడలోని కొందరు సైకిల్ మిత్రులు ఇదే పద్ధతిలో మొన్న డిసెంబరులో ఒక రైడ్ పెట్టారు. భానుగుడి సెంటర్ నుంచి సామర్లకోట, పెద్దాపురం, జగ్గంపేట, గోకవరం, రంపచోడవరం మీదుగా మారేడుమిల్లి. అక్కడి నుంచి కొండల్లో ఊళ్లను కలిపే గ్రావెల్ దారిలో ఒక చుట్టు. మళ్లీ వెనక్కి. మొత్తం 230 కిలోమీటర్లు, గడువు పద్దెనిమిది గంటలు.

నేనూ పేరిచ్చాను. నాది సెకండ్ హ్యాండ్ హైబ్రిడ్ సైకిల్. వెడల్పు టైర్లు వేయించాను.

దారిలోకి వెళ్లేముందు మా నాన్న సైకిల్ గురించి చెప్పాలి.

నాన్నది హెర్క్యులిస్. ఎవరో వాడేసింది కొన్నాడు. మిల్లు పనికి వెళ్లాలంటే ఊరు దాటాలి. ఊరు దాటాలంటే పెద్దవీధి దాటాలి. పేటవాళ్లు పెద్దవీధి మొదట్లో సైకిల్ దిగి, నడిపించుకుంటూ వెళ్లి, వీధి చివర మళ్లీ ఎక్కాలి. ఎక్కడా రాసిలేదు. చెప్పులు చేతిలో పట్టుకోవాలని మాత్రం ఎక్కడ రాసి ఉంది? అరుగు మీద కూర్చున్న మనిషి కంటే ఎత్తులో పేటమనిషి కూర్చుని కదిలి వెళ్లకూడదు, అంతే. మా మేనమామ దిగుతూ ఎక్కుతూ ఉండలేక సైకిలే అమ్మేశాడట.

1985 జులైలో కారంచేడు జరిగింది. ఆ తర్వాత దళిత మహాసభ వచ్చింది. మన కోనసీమ బిడ్డ బొజ్జా తారకం, కత్తి పద్మారావు లాంటివాళ్ల మాటలు కరపత్రాలుగా మా పేట దాకా వచ్చాయి. ఆ ఏడాది చివర్లో ఒక ఉదయం పేట యువకులు పదకొండు మంది సైకిళ్ల మీద వరసగా పెద్దవీధిలోంచి వెళ్లారు. ఎవరూ దిగలేదు. బెల్లు కొట్టలేదు, నినాదాలివ్వలేదు. వీధి పొడవు రెండు వందల మీటర్లుంటుందేమో. ఆ వరసలో నాన్న ఆరోవాడు. ముందు ఎవరు, వెనక ఎవరు అన్నది ఇప్పటికీ పేరుపేరునా చెబుతాడు. తర్వాత రెండు నెలలు పేటలో ఎవరికీ పొలం పని దొరకలేదు. అది కూడా చెబుతాడు.

కేరళలో అయ్యంకాళి 1893లో ఇదే పని ఎడ్లబండితో చేశాడు. పులయలు బండెక్కి రాదారిలో తిరగకూడదన్న చోట బండి కొని, తలపాగా చుట్టి, ఎక్కి వెళ్లాడు. 1924లో వైకోం సత్యాగ్రహం కూడా గుడిలోకి వెళ్లడానికి కాదు, గుడి చుట్టూ ఉన్న రోడ్ల మీద నడవడానికి. మన చరిత్రలో రోడ్డూ బండీ చిన్న విషయాలు కావు. "సైకిల్ తొక్కడం కూడా ఉద్యమమేనా అన్నా?" అని అడిగే మిత్రులకి ఇంతకంటే చెప్పేదేం లేదు.

ఇక మొన్నటి సంగతి. తెల్లవారుజామున నాలుగింటికి భానుగుడి దగ్గర ముప్పై మందిమి చేరాం. డాక్టర్లు, ఇంజినీర్లు, బ్యాంకు ఉద్యోగులు, ఇద్దరు వ్యాపారులు. ఆడవాళ్లు ఇద్దరు. ఒక్కో సైకిల్ ధర మా కాలేజీలో గెస్ట్ లెక్చరర్‌కి ఏడాదంతా వచ్చే జీతం చేస్తుంది.

సామర్లకోట వైపు చీకట్లో తొక్కుతుంటే ఒకాయన నా పక్కకి వచ్చారు. మర్యాదస్థుడు.

"లెక్చరర్ గారా! ఏ సబ్జెక్టండీ?"

"తెలుగండీ."

"ఆహా. పద్యాలవీ బాగా వచ్చుంటాయి. మీ ఇంటిపేరేంటండీ?"

చెప్పాను.

"ఆ ఇంటిపేరు వాళ్లు మాలో కూడా ఉన్నారండోయ్. ఊళ్లో మీ ఇల్లు ఎటువైపండీ?"

"గ్రావెల్ రోడ్డు వైపండీ."

రెండు నిమిషాలు సైకిళ్ల చప్పుడు తప్ప ఏమీ లేదు. తర్వాత ఆయన గేరు మార్చి ముందుకెళ్లిపోయారు. గోకవరంలో టీ కొట్టు దగ్గర కనబడ్డారు, పలకరింపుగా తలూపారు. నేనూ ఊపాను. పీహెచ్‌డీ ఉన్నా, హెల్మెట్ ఉన్నా, చీకటి ఉన్నా ఆ ప్రశ్న మాత్రం దారి వెతుక్కుని వస్తుంది.

గోకవరం దాటాక నేల లేవడం మొదలవుతుంది. రంపచోడవరం వచ్చేసరికి గాలే వేరు. మారేడుమిల్లి దాకా టేకు, మద్ది, చింత, వెదురు, మధ్య మధ్యలో జీలుగు చెట్లు. డిసెంబరు పొద్దున మంచు ఆకుల మీంచి చుక్కలు చుక్కలుగా రాలుతుంటే వాన పడుతున్నట్టే ఉంటుంది. సినిమాల పుణ్యమా అని ఈ దారి ఇప్పుడు అందరికీ తెలుసు. 'పుష్ప' ఇక్కడే తీశారని చెప్పి ఫొటోలు దిగుతారు. బొంగులో చికెన్ తిని సాయంత్రానికి దిగిపోతారు.

తెలుసుకోవాల్సింది వేరే ఉంది. 1879లో ఈ రంప కొండలే తిరగబడ్డాయి. కల్లు గీతమీద వేసిన చిగురుపన్ను, మన్సబుదారు దోపిడీ, వడ్డీ వ్యాపారులకి కోర్టులు అండగా నిలబడటం అందుకు కారణాలు. 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చాక పోడు చేసుకోవడం, కట్టెలు తెచ్చుకోవడం నేరాలైపోయాయి. ఇంకో నలభై ఏళ్లకి, గూడెం కొండల్లో డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ రోడ్లు వేయించాడు. ఆదివాసుల్ని బలవంతంగా పనికి దింపి, కూలి సరిగ్గా ఇవ్వకుండా వేయించాడు. 1922 ఆగస్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద జరిగిన దాడుల వెనక ఈ రోడ్డు పని కసి కూడా ఉంది. మనకి అల్లూరి సీతారామరాజు పేరు తెలుసు. గాం గంటం దొర, గాం మల్లు దొర పేర్లు ఎంతమందికి తెలుసు? మల్లు దొర అండమాన్ జైలు నుంచి తిరిగొచ్చి, 1952 మొదటి ఎన్నికల్లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకి గెలిచాడు. మన పాఠ్యపుస్తకంలో ఆ వాక్యం లేదు.

కొండల్లో రోడ్డు అనేది ఎవరి కోసం వేశారు, ఎవరు వేశారు అన్న ప్రశ్న వందేళ్ల నుంచీ ఉంది. అందుకే ఇది చెప్పాను.

మారేడుమిల్లిలో పదకొండుంపావుకి నా కార్డు మీద సంతకం పడింది. అక్కడి నుంచి ఇరవై నాలుగు కిలోమీటర్ల గ్రావెల్.

మొదటిసారి తొక్కేవాళ్ల కోసం రెండు ముక్కలు. గ్రావెల్ మీద తొక్కేముందు టైర్లలో గాలి కొంచెం తగ్గించాలి. గట్టిగా ఉంటే చక్రం రాయి మీంచి ఎగిరిపడుతుంది. హ్యాండిల్ బిగించి పట్టుకుంటే అరగంటలో చేతులు మొద్దుబారతాయి. వదులుగా పట్టుకుని చక్రాన్ని దాని దారిన పోనివ్వాలి. ఎత్తులో సీటు మీంచి లేచి తొక్కితే వెనక చక్రం జారుతుంది. కూర్చునే, చిన్న గేరులో, ఓపిగ్గా తొక్కాలి. దిగేటప్పుడు బరువు వెనక్కి వేసి, ముందు బ్రేకు మెల్లగా వాడాలి. తారు రోడ్డు మీద మనసు ఎటైనా పోవచ్చు. ఇక్కడ కుదరదు. ఎదర ఉన్న పది అడుగులే లోకం.

ఆ మూడు గంటలు ఎంత సంతోషంగా ఉన్నానో దాచను. వాగు దాటేటప్పుడు మోకాళ్లదాకా చల్లటి నీళ్లు. సైకిల్ భుజాన వేసుకుని దాటాను. మా వంశంలో నాకు ముందు ఎవరైనా అడవికి సరదాగా వెళ్లారేమో నాకు తెలియదు. వెళ్తే కట్టెలకీ కూలికీ వెళ్లుంటారు. విశ్రాంతీ ఆటా కొండగాలీ మనవి కావని ఎవరన్నారు? పోరాటంలో తప్ప, శోకంలో తప్ప దళితుడి ఫొటో కనబడకూడదనే మాట మనలో కూడా కొందరికి పట్టుకుంది. నాకు పట్టలేదు.

ఎత్తు ఎక్కుతుండగా ఒక పెద్దాయన కనబడ్డాడు. కొండరెడ్డి. పాత సైకిల్‌కి కొండచీపుర్ల కట్టలు రెండు పక్కలా కట్టి, తోసుకుంటూ ఎక్కుతున్నాడు. నేనూ దిగి నడిచాను. ఎలాగూ తొక్కే ఓపిక అయిపోయింది.

"ఏవూరు బాబూ?"

"కాకినాడ పెద్దయ్యా."

"కాకినాడ నుంచి సైకిలేసుకొచ్చావా? మోటారు సైకిల్ లేదా?"

"ఉంది. ఇది సరదాకి."

"గెలిస్తే ఏమిస్తారు?"

"గెలిచేది లేదు పెద్దయ్యా. టైములోపల తిరిగెళ్తే ఒక మెడల్."

"వెండిదా?"

"కాదు. దానికి కూడా మనమే డబ్బులు కట్టాలి."

ఆయన సైకిల్ ఆపి మరీ నవ్వాడు. తర్వాత నా మెడలో కవరులో వేలాడుతున్న కార్డు ఏమిటని అడిగాడు. ఫలానా చోటికి ఫలానా టైముకి చేరాలి, చేరకపోతే లెక్కలోకి రాదు అని చెప్పాను.

"మాకూ ఉంటది టైము" అన్నాడు.

రెండేళ్ల కిందట వానల్లో వాళ్ల కోడలికి నొప్పులొచ్చాయి. ఊరు ఈ దారికి పైన ఉంది. అప్పటికి ఈ గ్రావెల్ కూడా లేదు. కర్రకి దుప్పటి కట్టి డోలీ చేశారు. నలుగురు మగవాళ్లు భుజాలు మార్చుకుంటూ మోశారు. తొలికోడి కూసినప్పుడు బయల్దేరితే బాగా పొద్దెక్కాక అంబులెన్సు ఉన్న చోటుకి చేరారు. అక్కడి నుంచి రంపచోడవరం. అక్కడ కాదంటే కాకినాడ పెద్దాసుపత్రి. తల్లీ బిడ్డా బతికారు. "మనవడు తిరుగుతున్నాడు ఇప్పుడు" అన్నాడు. కాసేపాగి, "పక్కింటోళ్ల పిల్లకి టైము చాల్లేదు" అన్నాడు. అంతకు మించి చెప్పలేదు, నేనూ అడగలేదు.

నేను పొద్దున నాలుగింటి నుంచి తొక్కుకుంటూ వచ్చిన దారే అది. ఏజెన్సీ నుంచి కాకినాడ జీజీహెచ్‌కి రోగులు వచ్చే దారి. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడదీసే దాకా వీళ్లందరికీ జిల్లా కేంద్రం కాకినాడే. కలెక్టరేటు ముందు అర్జీ పట్టుకుని నిలబడటానికి కూడా ఈ నూటపది కిలోమీటర్లే దిగి రావాలి.

"ఈ గ్రావెలేసింది పోయినేడాదే. ఇదేశాక డోలీ నడక సగం తగ్గింది. తారు కూడా ఏస్తారంట" అన్నాడు పెద్దాయన. ఆ మాట చెప్పేటప్పుడు ఆయన మొహం వెలిగింది.

మా పేటలో గ్రావెల్ అంటే అవమానం. ఆయన ఊళ్లో గ్రావెల్ అంటే సగం తగ్గిన డోలీ. మా ముప్పై మందికి అది ఒక ఆదివారం ఆట.

ఆ రోజు రాత్రి తొమ్మిదీ పదికి కాకినాడ చేరాను. గడువుకి ఇంకా యాభై నిమిషాలుంది. పదకొండింటికి రైడ్ గ్రూపులో మెసేజీలు మొదలయ్యాయి. ఫొటోలు, లెక్కలు, అభినందనలు. ఒకరు రాశారు: "ఈ ట్రాక్ ఇలాగే ఉండాలి ఫ్రెండ్స్. తారు వేసేస్తారట. వేస్తే మజా పోతుంది. ఫారెస్టు వాళ్లకి ఒక లెటర్ పెడదాం." దానికింద పద్నాలుగు బొటనవేళ్లు లేచాయి.

నేను ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం ఆ పద్నాలుగు బొటనవేళ్లే.

రాసినవాళ్లు చెడ్డవాళ్లు కారు. నా టైరు పంక్చరైతే ఆగి గాలి కొట్టినవాళ్లు. కానీ వాళ్ల కళ్లకి ఆ దారి పక్కన ఊళ్లు కనబడలేదు. అడవి కనబడింది, మలుపులు కనబడ్డాయి, తామెంత కష్టపడ్డారో కనబడింది. కష్టాన్ని కోరి తెచ్చుకున్నవాడికి అది ఎప్పుడు ఆపాలో తన చేతిలో ఉంటుంది. చీపురు కట్టలు తోసేవాడికి అది లేదు. తన ఆట కోసం ఎదుటివాడి రోడ్డు బాగుపడకూడదనడం ఎంత అన్యాయమో, "ఎస్సీ పేటకి సిమెంటు రోడ్డెందుకు, గ్రావెల్ చాల్లే" అన్న మా ఊరి పెద్దల మాట విన్నవాడికి వెంటనే అర్థమవుతుంది.

గ్రూపులో నేను ఇలా రాశాను: "ఈ దారికి తారు పడాలి. మనం ఇంకో దారి వెతుక్కుందాం." కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఇద్దరు ఆడవాళ్లలో ఒకరు, ఆవిడ గైనకాలజిస్టు, "సార్ చెప్పింది కరెక్టు. డోలీ కేసులు నేను చూశాను" అని రాశారు. ఆ లెటరు సంగతి మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

మీలో కొందరు ఇక్కడ ఒక ప్రశ్న వేస్తారని తెలుసు. రోడ్డు పడితే రిసార్టులూ వస్తాయి కదా, కలప లారీలూ వస్తాయి కదా, బాస్టియన్ రోడ్లు ఎవరి మేలు కోసం? మంచి ప్రశ్న. ఆ భయం నిజమైందే. అందుకే చట్టాలు గుర్తుపెట్టుకోవాలి. ఏజెన్సీ భూమి గిరిజనేతరుల చేతికి పోకూడదని 1959లో రెగ్యులేషన్ చేశారు. 1970 సవరణతో దానికి పళ్లొచ్చాయి. జనం నోట్లో అది 'వన్ ఆఫ్ సెవంటీ'. 1996లో పెసా చట్టం గ్రామసభకి మాట ఇచ్చింది. 1997లో సమతా తీర్పు, ఏజెన్సీలో ప్రభుత్వ భూమిని కూడా ప్రైవేటు గనుల కంపెనీలకి లీజుకి ఇవ్వకూడదంది. 2006లో అటవీ హక్కుల చట్టం వచ్చింది. రోడ్డు కావాలా, ఎటు కావాలా, ఎంత వెడల్పు కావాలా అన్నది గ్రామసభ చెప్పాలి. 2023లో మొదలైన పీఎం జన్‌మన్ అయినా, 2025 ఏప్రిల్‌లో మన రాష్ట్రం మొదలుపెట్టిన 'అడవి తల్లి బాట' అయినా, ఆ కొలబద్దతోనే చూడాలి. రోడ్డు వద్దు అని చెప్పే హక్కు కూడా ఆ ఊరికే ఉంది. వారాంతంలో సైకిల్ వేసుకొచ్చేవాడికి లేదు.

ఇందులో నా స్థానం కూడా చెప్పుకోవాలి. మైదానంలో నేను దళితుణ్ణి. గోకవరం దాటాక, వన్ ఆఫ్ సెవంటీ ముందు, నేనూ గిరిజనేతరుణ్ణే. మన బాధ మనకి ఆదివాసీ బాధని అర్థం చేసుకునే దారి ఇస్తుంది. వాళ్ల తరఫున మాట్లాడే అధికారం మాత్రం ఇవ్వదు. ఈ రెండింటి తేడా మన ఉద్యమాల్లో ఇంకా సరిగ్గా పట్టుకోలేదని నా అభిప్రాయం.

నా పీహెచ్‌డీ రోజుల్లో యాత్రాసాహిత్యం చదువుతున్నప్పటి నుంచీ ఒక విషయం మనసులో ఉంది. తెలుగులో తొలి యాత్రాగ్రంథంగా మనం చెప్పుకునేది ఏనుగుల వీరాస్వామయ్య 'కాశీయాత్ర చరిత్ర'. 1830 మేలో మద్రాసులో బయల్దేరి 1831 సెప్టెంబరులో తిరిగొచ్చాడు. విలువైన పుస్తకం, సందేహం లేదు. ఆ యాత్ర పల్లకీలో జరిగింది. పల్లకీ మోసిన బోయీలు కూడా కాశీ చూశారు. అదే దూరం, అదే ఎండ, అదే వాన, పైగా భుజం మీద బరువు. యాత్రికుడిగా మనకి మిగిలిన పేరు మాత్రం పల్లకీలో కూర్చున్నవాడిదే. దాదాపు రెండొందల ఏళ్లు గడిచాయి. ఈ రాష్ట్రంలో మనుషుల భుజాల మీద మనుషులు ఇంకా డోలీలో ప్రయాణం చేస్తున్నారు. ఆ మోసేవాళ్ల టైము ఏ కార్డు మీదా పడదు.

దూరప్రయాణపు సైకిల్ చరిత్రలో కూడా ఇలాంటి పేజీ ఒకటుంది. 1897 జూన్ 14న అమెరికాలో ఫోర్ట్ మిసూలా నుంచి ఇరవై మంది నల్లజాతి సైనికులు సైకిళ్ల మీద బయల్దేరారు. ఇరవై ఐదో పదాతి దళం వాళ్లు. అధికారి తెల్లవాడు, లెఫ్టినెంట్ జేమ్స్ మాస్. సైన్యానికి సైకిల్ పనికొస్తుందో లేదో తేల్చే పరీక్ష అది. కొండలు, అడవులు, బురద, ఇసుక, తాగలేని నీళ్లు. 1,900 మైళ్లు, అంటే మూడువేల కిలోమీటర్ల పైన. నలభై ఒక్క రోజుల్లో సెయింట్ లూయిస్ చేరారు. అప్పటికి గ్రావెల్ సైక్లింగ్ అనే మాటే లేదు. అంతకు మూడేళ్ల ముందే, 1894లో, అమెరికా సైకిలిస్టుల పెద్ద సంఘం తెల్లవాళ్లకే సభ్యత్వం అని నిబంధన పెట్టుకుంది. ఆ ఇరవై మందిలో మింగో శాండర్స్ అనే సార్జెంట్ ఉన్నాడు. 1906లో బ్రౌన్స్‌విల్ కాల్పుల నెపంతో, విచారణ లేకుండా, నల్లజాతి సైనికులు 167 మందిని సైన్యం నుంచి వెళ్లగొట్టినప్పుడు ఆయన్నీ వెళ్లగొట్టారు. పాతికేళ్ల నౌకరీ గాలికి పోయింది. 1972లో సైన్యం ఆ తప్పు దిద్దుకుంది. అప్పటికి శాండర్స్ చనిపోయి నలభై ఏళ్లు దాటింది. అమెరికాలో ఈ మధ్య కొందరు నల్లజాతి సైకిలిస్టులు ఆ కథ తవ్వి తీసి చెప్పుకుంటున్నారు. మన నాన్నల పెద్దవీధి కథలు మనం ఎప్పుడు రాసుకుంటాం?

అడిగిన తమ్ముడికి ఇప్పుడు జవాబు. నువ్వు రోజూ మీ ఊరి నుంచి కాలేజీకి తొక్కేది కూడా గ్రావెల్ సైక్లింగే. దానికి నీకు మెడల్ రాదు, రోడ్డు రావాలి. ఆ రోడ్డు కోసం అర్జీ రాయడానికి నా దగ్గరికి రా, ఇద్దరం కూర్చుని రాద్దాం. దాంతోపాటు కొండల్లో సరదాగా తొక్కడానికి కూడా రా. ఒకటి కావాలంటే రెండోది వదులుకోవాలనేం లేదు.

ఫిబ్రవరిలో మేం ఒక చిన్న రైడ్ అనుకుంటున్నాం. నూరు కిలోమీటర్లే, రంపచోడవరం దాకా వెళ్లం. ఏలేశ్వరం వైపు. నేనూ, ఆ డాక్టరు గారూ, జగన్నాథపురంలో సైకిల్ షాపు నడిపే ఒక మిత్రుడూ కలిసి చూసుకుంటున్నాం. గేర్ల సైకిల్ అక్కర్లేదు, బ్రేకులు పనిచేస్తే చాలు. ఆయన ముందురోజు అందరి సైకిళ్లూ ఉచితంగా చూసిపెడతానన్నాడు. రుసుము లేదు. తిండికి దారిలో ఊళ్లవాళ్ల దగ్గరే కొనుక్కుంటాం, అడిగినంత ఇస్తాం. అనుమతి లేకుండా ఎవరింటి ముందూ ఫొటోలు తీయం. బయల్దేరే ముందు అరగంట ఆ దారి చరిత్ర చెప్పుకుంటాం. ఆ అరగంట నాది.

హాస్టల్ నుంచి ఇప్పటికి ఏడుగురు పేర్లిచ్చారు. నలుగురు అమ్మాయిలు. అందులో ఇద్దరికి సైకిల్ లేదు. ఇంట్లో ఖాళీగా ఉన్న సైకిల్ ఎవరి దగ్గరైనా ఉంటే చెప్పండి, ఒక రోజుకి తీసుకుని కడిగి, నూనె వేసి తిరిగిస్తాం. నాన్నని కూడా రమ్మన్నాను. తొక్కలేనన్నాడు గానీ, "మొదలెట్టేటప్పుడు వచ్చి వరస నిలబెడతాను" అన్నాడు.

జై భీమ్.